ఎమిల్ చూడని ఆట

పదకొండో వరస పూర్తయ్యేసరికి గుడ్డ నల్లబడింది. ఎమిల్ హుడాక్ దాన్ని బకెట్లో జాడించి, పిండి, నాలుగు మడతలు పెట్టి పన్నెండో వరసలోకి జరిగాడు. నది అవతల తీగల మిల్లు మూతపడి ఆరేళ్ళయింది. అయినా పొద్దున్నే వచ్చి చూస్తే కుర్చీల మీద సన్నటి మసి పొర ఉంటూనే ఉంటుంది. అది మిల్లుదేనని ఊళ్ళోవాళ్ళంటారు. మిల్లే లేదు కదా అంటే, గోడల్లో ఇంకినది ఊరికే పోతుందా అంటారు.

ఒక్కో కుర్చీకీ మూడు తుడుపులు. వీపు ఆనేచోట, కూర్చునేచోట, ఆఖర్న చేతులు ఆన్చేచోట. ఎమిల్ కుడిచేతి నడిమివేలు సగమే ఉంది. మిగతా సగాన్ని మిల్లులో తీగ లాక్కుపోయింది. అందుకని గుడ్డను అరచేత్తో అదిమిపట్టి తుడుస్తాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టివాడు, పెద్ద చెవులు, మెడ మీద చొక్కా పట్టీ ఒరుసుకున్న ఎర్రటి గీత. ముదురు ఎరుపు కోటు, నల్ల బో టై, తెల్లటోపీ. కోటు మోచేతుల దగ్గర నిగనిగలాడుతుంది, అంతగా అరిగిపోయింది. కిందికి వంగినప్పుడల్లా ఎడమ మోకాలు టిక్కుమంటుంది. ఆ చప్పుడుకి అతను అలవాటు పడి ఇరవై ఏళ్ళయింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి బేస్‌బాల్ ఆట. బుధవారం, ఆగస్టు నెల, పైగా రివర్‌మెన్ జట్టు పట్టికలో అడుగు నుంచి రెండోది. రెండువేల మంది వస్తే గొప్ప. తన భాగంలో నూటయాభై మందికి మించి కూర్చోరని ఎమిల్‌కి తెలుసు. అయినా మూడువందల అరవై కుర్చీలూ తుడుస్తాడు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఎవరు చెప్పొచ్చారు?

ఈ ఏడాది జట్టుకి డెబ్బై అయిదేళ్ళు నిండాయి. ఆఫీసు వాళ్ళు ఒక పుస్తకం వేద్దామనుకున్నారు. అరచేయంత అట్టముక్కలు అచ్చువేయించి, వాటిని పంచే పని ఎమిల్‌లా సీట్లు చూపించే వాళ్ళకి అప్పగించారు. అట్టమీద ఒక్కటే ప్రశ్న: మీరు ఈ మైదానంలో చూసిన ఆటల్లో మరిచిపోలేనిది ఏది? కింద ఎనిమిది గీతలు. పది రోజులుగా ఎమిల్ కోటు జేబులో అట్టలు ఒకవైపు, పెన్సిళ్ళు ఒకవైపు. వాటిని ఏరి, చదవడానికి వీల్లేని చోట అడిగి సరిదిద్ది, ఆట అయ్యాక ఆఫీసులో ఇవ్వాలి.

గేట్లు తెరిచారు. మొదట వచ్చింది ఎప్పటిలాగే మిస్ హార్టెన్స్ పెల్. బడిలో ముప్ఫయ్యేళ్ళు సంగీతం చెప్పి రిటైరైన మనిషి. ఎండ ఉన్నా లేకపోయినా చేతులకి గ్లౌజులు. ఆమె అట్ట తీసుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత ఎమిల్‌ని పిలిచి, స్కోరు కూడా రాయాలా అని అడిగింది. గుర్తుంటే రాయండి అన్నాడు.

"గుర్తులేదు ఎమిల్. వేరుశనక్కాయలు గుర్తున్నాయి."

పందొమ్మిది వందల నలభై ఒకటి వేసవిలో ఒకాయన ఆమెను ఆటకి తీసుకొచ్చాడట. తొమ్మిది ఇన్నింగ్సూ కాయలు ఒలిచి గింజలు ఆమె అరచేతిలో పెడుతూనే ఉన్నాడట, తనొక్కటీ నోట్లో వేసుకోలేదట. ఆ మరుసటి ఏడు అతను యుద్ధానికి ఓడెక్కాడు. ఆమె అట్టమీద రెండు గీతల మేరే రాసి, మడిచి ఇచ్చింది.

గూస్ కాలాహాన్ అనే లారీ డ్రైవరు పెన్సిలు పట్టుకోవడం ఇష్టంలేక నోటితో చెప్పి ఎమిల్‌తో రాయించాడు. అతని తండ్రి ఇంట్లో నోరు విప్పని మనిషట. ఒకసారి ఇక్కడ లేచి నిలబడి అంపైరు మీద అరిచాడట. అప్పటిదాకా తన తండ్రికి అంత గొంతు ఉందని కొడుక్కి తెలియదట.

"అరిచి కూర్చున్నాక సిగ్గుపడ్డాడయ్యా. నావైపు చూడలేదు. అది కూడా రాయి," అన్నాడు కాలాహాన్. ఎమిల్ అది కూడా రాశాడు.

మంగలి విన్స్ గుజ్జో అట్ట అడక్కుండానే లాక్కున్నాడు. అతను ఏం రాస్తాడో ఆ వరసలో అందరికీ తెలుసు. ఊళ్ళో పదిమందిలో ఎనిమిదిమంది రాసేది అదే. అరవై మూడు సెప్టెంబరు ఆఖరి ఆదివారం. కప్పు తేల్చే ఆట. పద్నాలుగో ఇన్నింగ్స్. రెండు ఔట్లు పడ్డాయి, మూడోది పడితే ఇంకో ఇన్నింగ్స్. అప్పుడు ఏడాదంతా ఒక్క హోమ్‌రన్ కూడా కొట్టని క్యాచర్ బంతిని ఎడమవైపు గోడ మీదుగా నదిలోకి పంపాడు. మైదానంలో పట్టేది ఏడువేల మంది. ఇప్పుడు ఆ రోజు నేనున్నానని చెప్పేవాళ్ళని లెక్కేస్తే ముప్ఫైవేలు దాటుతారు.

"మన ఎమిల్ కూడా ఉన్నాడు ఆ రోజు," అన్నాడు గుజ్జో పక్కవాళ్ళకి వినపడేలా. "అందరికంటే దగ్గరగా ఉన్నాడు. చూసిందేమిటయ్యా ఎమిల్?"

"నీ నోరు," అన్నాడు ఎమిల్. "కొండగుహలా తెరిచావు."

వరసంతా నవ్వింది. ఆ మాట ఇరవై అయిదేళ్ళుగా అంటున్నదే, వాళ్ళు నవ్వుతున్నదే. ఆట ఆఖరి ఘట్టంలో సీట్లు చూపించే వాళ్ళు మైదానం అంచుకి దిగి, వీపు ఆటవైపు, మొహం జనంవైపు పెట్టి నిలబడాలి. జనం గోడ దూకి లోపలికి రాకుండా చూడాలి. అది నియమం. ఊరంతా చూసిన హోమ్‌రన్‌ను చూడని ఒకే ఒక్కడని ఎమిల్‌కి పేరు పడింది. అతను ఆ పేరును మోశాడు. దానికి ముందు మోసిన పేరుతో పోలిస్తే ఇది బరువే కాదు.

ఆ ముందు పేరు యాభై ఏడులో వచ్చింది. ఆ ఏడు మిల్లులో సమ్మె. అన్నయ్య రూడీ సంఘం పెద్దల్లో ఒకడు. మిల్లు గేటు ముందు పెట్టెమీద నిలబడి మాట్లాడితే నది అవతలికి వినపడే గొంతు. తొమ్మిదో వారంలో ఎమిల్ భార్య ఓల్గాకి మూత్రపిండాలు చెడి ఒళ్ళంతా నీరు పట్టింది. పదో వారం సోమవారం పొద్దున ఎమిల్ తల వంచుకుని, అన్న నిలబడ్డ పెట్టె పక్కనుంచే నడిచి, మిల్లులోకి వెళ్ళాడు. ఎవరూ కొట్టలేదు. ఎవరో ద్రోహి అని ఉమ్మారు. రూడీ మాట్లాడటం ఆపేశాడు. ఆ పూట ఉపన్యాసం మధ్యలో ఆగింది, తమ్ముడితో మాట కూడా ఆ పూటే ఆగింది.

ఓల్గా మరో మూడేళ్ళు బతికింది. ఆ మూడేళ్ళు ఆ జీతంతో వచ్చినవేనని ఎమిల్ ఎవరితోనూ వాదించలేదు. మిల్లులో మధ్యాహ్నం భోజనానికి అతను బల్ల దగ్గర కూర్చుంటే మిగతావాళ్ళు డబ్బాలు సర్దుకుని లేచేవాళ్ళు. ఓల్గా పోయాక సాయంత్రాలు ఇంట్లో గడవక మైదానంలో ఈ పని అడిగాడు. కుర్చీ తుడిచి, దయచేయండి అంటే, ఎంత కోపమున్నవాడైనా థాంక్స్ అనక తప్పదు. ఆ ఒక్క మాట కోసం వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఉండిపోయాడు.

ఆట మొదలైంది. రెండో ఇన్నింగ్స్‌లోనే అవతలి జట్టు నాలుగు పరుగులు చేసింది. జనం ఎండకి టోపీలు కిందికి లాక్కుని, మాటల్లో పడ్డారు.

అప్పుడు ర్యాంపు మీద చక్రాల కుర్చీ కనిపించింది. తోస్తున్న ఆవిడకి ముప్ఫై పైన ఉంటాయి. మూడో బేస్ వైపు ర్యాంపుకి రంగు వేస్తున్నారనీ, చక్రాల కుర్చీల వాళ్ళని ఇటు పంపిస్తున్నారనీ పొద్దున్నే చెప్పారు. ఎమిల్ ఎదురెళ్ళి, కుర్చీ ముందుభాగం పట్టుకుని, మెట్టు దింపి, కడ్డీ పక్కన చోటు చూపించాడు. చక్రాలకి బ్రేకు వేసి తలెత్తాక చూశాడు, కుర్చీలో ఉన్నది రూడీ.

అన్న ఒళ్ళంతా కుంగిపోయింది. పెద్ద భుజాలున్న మనిషి, చొక్కా ఇప్పుడు కొయ్యకి తగిలించినట్టుంది. ఎడమచెయ్యి ఒళ్ళో బోర్లా పడి ఉంది. పెదవి ఒకపక్కకి జారింది. కళ్ళు మాత్రం అవే, నీలం, తడి. పక్షవాతం వచ్చిందని శీతాకాలంలో చర్చిలో ఎవరో అంటే విన్నాడు. ఆ చర్చిలోనే అన్నదమ్ములిద్దరూ ముప్ఫయ్యేళ్ళుగా ఎడమా కుడీ వరసల్లో కూర్చున్నారు. అరవై ఆరులో అమ్మ శవపేటికని తలవైపు ఒకరు, కాళ్ళవైపు ఒకరు మోశారు. అప్పుడూ మాట లేదు.

"నాన్నకి మాట పడిపోయింది," అంది ఆవిడ. రూడీ కూతురు లియోనా. "ఒక్కటే మాట వస్తుంది. దేనికైనా అదే."

"మరే," అన్నాడు రూడీ, మైదానం వైపు చూస్తూ.

ఎమిల్ చేతికి అలవాటైన పని చేశాడు. గుడ్డతో కడ్డీ తుడిచాడు, లియోనా కూర్చునే కుర్చీ తుడిచాడు. తర్వాత ఒక అట్ట, ఒక పెన్సిలు ఆమెకిచ్చి, తన చోటికి వెళ్ళి మెట్ల మొదట్లో నిలబడ్డాడు. నాలుగు ఇన్నింగ్సు అలాగే నిలబడ్డాడు.

ఏడో ఇన్నింగ్స్‌లో అందరూ లేచి ఒళ్ళు విరుచుకునే విరామంలో అట్టలు ఏరడం అతని అలవాటు. లియోనా రాసింది మిగతావాటితో కలిపేస్తూ చూశాడు. చూడకుండా కలిపేద్దామనే అనుకున్నాడు.

"అరవై మూడు సెప్టెంబరు. నాకు ఏడేళ్ళు. నాన్న భుజాల మీద కూర్చున్నాను. బంతి నదిలో పడటం చూశాను. ఆ సంగతి రాత్రి భోజనాల దగ్గర నేనే నాన్నకి చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆయన చూడలేదు."

ఎమిల్ దాన్ని రెండోసారి చదివాడు. ఆ రోజు మనుషులు తక్కువై అతన్ని మూడో బేస్ వైపు నిలబెట్టారు. ఎదురుగా మూడో వరసలో అన్న, భుజాల మీద పసుపుపచ్చ గౌనులో పిల్ల. బ్యాటు చప్పుడు వీపు వెనక వినపడింది. ఏడువేల మంది ఒక్కసారిగా లేచారు. అన్ని మొహాలూ పైకి, ఆకాశంలోకి. ఒక్క మొహం మాత్రం తిన్నగా అతనివైపు. రూడీ నోరు కదిలింది. మెడనరాలు ఉబ్బాయి. ఆ హోరులో ఒక్క అక్షరం చెవిన పడలేదు. అంతలో జనం గోడ దూకారు, సూపర్‌వైజరు రెక్క పట్టుకుని అటు లాగాడు.

ఆ నోరు ఏమందోనని ఇరవై అయిదేళ్ళు తలపోశాడు. తిట్టే అయి ఉంటుందనుకున్నాడు. ఆరేళ్ళు మూసిన నోరు అంత బలంగా తెరుచుకుంటే ఇంకేం వస్తుంది? మరోలా అనుకున్న రోజులూ ఉన్నాయి. పండగ పూట ఒంటరిగా సూపు కాచుకునేటప్పుడు అలా అనుకునేవాడు. వెళ్ళి అడగలేదు. తిట్టే అని తెలిస్తే ఆ రెండో ఊహ కూడా పోతుంది.

అతను మోకాళ్ళ మీద వంగి, లియోనా పక్కన చతికిలబడ్డట్టు కూర్చున్నాడు.

"అమ్మాయ్, మీ నాన్న బంతి చూడలేదని రాశావు. మరి ఎటు చూస్తున్నాడు?"

లియోనా అతన్ని కొంచెం వింతగా చూసింది.

"నీవైపే. నిన్ను పిలిచాడుగా. ఆ అరుపుకి నా కాళ్ళు అదిరాయి."

"ఏమని?"

"నీకు తెలీదా?"

"నువ్వు చెప్పు."

"'ఒరేయ్ మిల్కో, నీ టోపీ పడిపోయిందిరా, తొక్కేస్తారు, తీసుకో' అన్నాడు."

ఎమిల్ కడ్డీ పట్టుకున్నాడు. మిల్కో అనేది అమ్మ పెట్టిన ముద్దుపేరు. అమ్మ తప్ప ఆ పేరుతో పిలిచింది రూడీ ఒక్కడే. ఆ రోజు టోపీ పోయిన మాట నిజమే. ఎక్కడ పోయిందో తెలియక మర్నాడు ఇంకోటి అడిగి తెచ్చుకున్నాడు.

లియోనా గొంతు తగ్గించింది. "నువ్వు తిన్నగా చూసి మొహం తిప్పేసుకున్నావట. ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు, నేను పిలిచాను, వాడు పలకలేదు, నా వంతు అయిపోయింది అని. ఆ తర్వాత మా ఇంట్లో నీ పేరు ఎత్తనివ్వలేదు. నాకు నీమీద చాలా కోపంగా ఉండేది, బాబాయ్."

బాబాయ్ అనే మాట ఆమె నోట అతను ఎన్నడూ వినలేదు. కాసేపు దాన్నే విన్నాడు.

"వినపడలేదమ్మా," అన్నాడు చివరికి. "అంతే. వినపడలేదు."

లియోనా మెల్లగా లేచి, నాన్నకి నిమ్మరసం తెస్తానని, నువ్వు కాస్త ఆయన దగ్గర కూర్చో అని చెప్పి ర్యాంపు ఎక్కి వెళ్ళిపోయింది.

ఆట జరుగుతుండగా సీట్లు చూపించేవాడు కూర్చోకూడదు. ఎమిల్ కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో అదే మొదలు. ఎదురుగా పచ్చిక, దానిమీద మధ్యాహ్నపు నీడలు, ఓడిపోతున్న పద్ధతిలో తాపీగా అటూ ఇటూ నడుస్తున్న కుర్రాళ్ళు. రూడీ ఆటే చూస్తున్నాడు. అతని చొక్కా బొత్తాం ఒకటి తప్పు కాజాలో ఉంది. ఎమిల్ చెయ్యి చాపి దాన్ని విప్పి సరిగా పెట్టాడు. రూడీ కాదనలేదు.

"అన్నా," అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "అన్నా, ఆ రోజు నువ్వు పిలిచింది నాకు వినపడలేదు. తిట్టావనుకున్నాను. ఇన్నేళ్ళూ తిట్టావనే అనుకున్నాను."

రూడీ తల తిప్పాడు. అటు తిరగడానికి చాలాసేపు పట్టింది. నీలం కళ్ళు ఎమిల్ మొహం మీద, చెవుల మీద, టోపీ మీద ఆగాయి. బాగున్న కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచి, మెల్లగా వచ్చి, తమ్ముడి సగం వేలును పట్టుకుంది.

"మరే," అన్నాడు.

అది ఒప్పుకోలో, ఎగతాళో, తెలివితక్కువ వెధవా అనడమో ఎమిల్‌కి అర్థం కాలేదు. మాట ఒక్కటే గానీ దాని వెనక గొంతు మాత్రం రూడీదే. మిల్లు గేటు ముందు మోగిన గొంతులో అడుగున మిగిలిన జీర.

"సమ్మె రోజు కూడా చెప్పాల్సింది," అన్నాడు ఎమిల్. "ముందురోజు రాత్రి మీ ఇంటిదాకా వచ్చాను. తలుపు కొట్టలేక తిరిగి వెళ్ళాను. ఓల్గా కాళ్ళు..."

వేలు మీద పట్టు వదల్లేదు. లియోనా వచ్చి, వాళ్ళని చూసి, గ్లాసు పట్టుకుని నాలుగు మెట్ల పైనే నిలబడిపోయింది. గుజ్జో వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు. మిస్ పెల్ గ్లౌజు తొడిగిన చేత్తో అతని భుజం తట్టి, మైదానం వైపు చూపించింది.

రివర్‌మెన్ ఏడు రెండుతో ఓడారు. ఆ ఆట గురించి ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ ఏ అట్ట మీదా రాయరు. జనం లేచి దులుపుకుని మెట్లెక్కారు. ఎమిల్ బ్రేకు తీసి, తనే కుర్చీ తోశాడు. ర్యాంపు మీద మోకాలు టిక్కుమంటుంటే రొమ్ము ఆన్చి తోశాడు. గేటు బయట వ్యాను దాకా వెళ్ళి, అన్నను చంకల కింద చేతులు వేసి ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. రూడీ గడ్డం అతని భుజానికి గీసుకుంది. ఆదివారం భోజనానికి రమ్మని లియోనా అంది. కూర ఏమీ వండొద్దనీ, ఆలుగడ్డ పిండితో హాలుష్కీ ఉండలు తనే చేసి తెస్తాననీ ఎమిల్ అన్నాడు. అమ్మ చేసినట్టు జున్ను ఎక్కువ వేసి తేవాలంది.

"మరే," అన్నాడు లోపల్నుంచి రూడీ.

వ్యాను వంతెన ఎక్కి కనుమరుగయ్యేదాకా నిలబడి, ఎమిల్ అట్టలు ఆఫీసులో ఇచ్చి, బకెట్ కడిగి బోర్లించి, తన భాగం చివరిసారి చూడటానికి ర్యాంపు దిగాడు. అక్కడ గోడవారగా ఒక తోలు చెప్పు పడి ఉంది. ఇంట్లో తొడుక్కునే రకం, మెత్తటిది, ఎడమకాలిది. తోస్తున్నప్పుడు జారి ఉంటుంది. ఆ కాలికి స్పర్శ లేదు గనక రూడీకి తెలిసి ఉండదు. ఆదివారం ఇచ్చేయొచ్చని దాన్ని భోజనం సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచాడు.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి ఫోను మోగింది. ఎమిల్ అప్పటికే లేచి కాఫీకి నీళ్ళు పెట్టాడు. లియోనా ఏడవకుండా చెప్పింది. తెల్లవారుజామున నిద్రలోనే పోయాడట. రాత్రి హుషారుగా ఉన్నాడట, సూపు రెండుసార్లు పోయించుకుని తాగాడట.

"ఎప్పుడొస్తావు బాబాయ్?"

"ఇప్పుడే," అన్నాడు.

పొయ్యి ఆర్పాడు. నల్లకోటు దులిపి తొడుక్కున్నాడు. సంచిలోంచి చెప్పు తీసి, దుమ్ము తుడుద్దామని గుడ్డ పట్టుకుని కిటికీ వెలుతురులో తిరగేశాడు. పైన తోలు కాలి ఆకారానికి ఒదిగి, బాగా పాతబడింది. కింద అడుగు మాత్రం దుకాణంలోంచి తెచ్చిననాటి నున్నదనంతో, ఒక్క గీత కూడా లేకుండా ఉంది.